పెద్ద రైఫిల్ మీద చిన్న దుర్బిన్

పసుల ఇమ్మానుయేల్ అనే నేను, తండ్రి కీర్తిశేషులు పసుల జాకోబు, వయసు డెబ్బై ఒకటి, పద్మాపూర్ వైపు బొగ్గు గని వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, చంద్రాపూర్ జిల్లా విసాపూర్ కాపురస్తుణ్ణి, ఈ వీలునామాను నా చేత్తో నేను రాస్తున్నాను. నాకు షుగరుంది. ఎడమ చెవి వినపడదు. మోకాళ్లు పట్టేస్తాయి. బుద్ధి మాత్రం సరిగ్గానే ఉంది. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. మందు ముట్టి పదకొండేళ్లు దాటింది. కాబట్టి ఇందులో ఉన్న ప్రతి మాటకూ నేనే జవాబుదారీని.

వకీలు వైశాలి గారు దీన్ని మరాఠీలో టైపు చేయిద్దామన్నారు. వద్దన్నాను. నేను చదువుకున్నది సిర్పూరులో ఐదో తరగతి దాకా, తెలుగు బడిలో. ఆ తర్వాత బైబిలు చదువుతూ ఆ అక్షరాలు పోకుండా చూసుకున్నాను. నా కూతురు జెస్లిన్ చదివింది మరాఠీ బడిలో. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడం రాదు. తెలుగులో రాయడానికి అసలు కారణం అదే. బీరువా సర్దుతుంటే ఈ కాగితాలు ఆమె చేతికి దొరికినా, నేను బతికుండగా ఆమె చదవలేదు. ఇది పిరికితనమని నాకు తెలుసు.

ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రాశానని ఎవడైనా కాగితం చూపిస్తే అది దొంగ కాగితం.

ఒకటి. విసాపూర్‌లో నా స్వార్జితమైన ఇల్లు, రెండు గదులు, వంటిల్లు, వెనక రేకుల షెడ్డు, దాని పక్క ఖాళీ జాగాతో సహా, నా ఏకైక సంతానమైన జెస్లిన్‌కు సర్వహక్కులతో చెందాలి. ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు. షరతులు ఏవీ లేవు. కింద ఐదో అంశం విన్నాక ఆమె నన్ను తండ్రి అని అనుకోకపోయినా ఇల్లు ఆమెదే. వానాకాలంలో వంటింటి ఈశాన్యం మూల కారుతుంది. తారు పూశాను, ఆగలేదు. రేకులు రెండు మార్పించుకో తల్లీ, పూతలతో పని కాదు.

రెండు. నా భార్య కీర్తిశేషురాలు మేరీ కుట్టు మిషను జెస్లిన్‌దే. అది మేరీ బతికుండగానే ఇచ్చేసిన వస్తువు, నేను కొత్తగా ఇచ్చేదేం లేదు. మేరీ పాటల పుస్తకం, అట్ట ఊడినది, రాజక్కకు ఇవ్వాలి. చర్చిలో మేరీ పక్కన నిలబడి ఇరవై ఏళ్లు పాడిన మనిషి రాజక్క. పుస్తకంలో కొన్ని పాటలకు పెన్సిలుతో గీతలున్నాయి. మేరీకి శ్రుతి అందని చోట్లు అవి. రాజక్కకు తెలుసు.

మూడు. షెడ్డులోని పనిముట్లు, వైసు, డ్రిల్లు, ట్యాపులు, డైలు, వెర్నియరు, డయల్ గేజి, అన్నీ బల్లార్‌పూర్‌లో మెకానిక్ పని నేర్పే బడి ఏదైనా తీసుకుంటే ఉచితంగా ఇచ్చేయాలి. అమ్మకూడదు. స్పిరిట్ లెవెల్ తాలూకు చెక్క పెట్టె ఒకటి ఖాళీగా ఉంటుంది. దాన్ని నాతో పనిచేసిన మధుకర్‌కు పంపాలి. స్పిరిట్ లెవెల్ ఆయన దగ్గరే ఉంది. 1998లో రెండు రోజులకని తీసుకున్నాడు. పెట్టె కూడా చేరితే ఆయన దగ్గర సెట్టు పూర్తవుతుంది. నేను అడిగీ అడిగీ ఊరుకున్నాను.

నాలుగు. నా పేరున లైసెన్సు ఉన్న పాయింట్ టూ టూ రైఫిల్, చిన్న తూటాలది, టార్గెట్ కొట్టడానికి కొన్నది, ఎవరికీ వారసత్వంగా వెళ్లకూడదు. నేను పోయిన వెంటనే పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు తీసుకోవాలి. గని రైఫిల్ క్లబ్బులో ఆ రైఫిల్‌తో నాకు రెండు కప్పులొచ్చాయి. కప్పులు పాత సామాను వాడికి వేయండి.

ఐదు. ఆ చిన్న రైఫిల్ మీద ఒకప్పుడు ఉండిన దుర్బిన్, గురి చూసే గాజు గొట్టం, షెడ్డులో పై అరలో గ్రీజు డబ్బా వెనక గుడ్డలో చుట్టి ఉంది. దాన్ని బిగించడానికి నేను చేసిన ఉక్కు క్లాంపు, నాలుగు స్క్రూలు కూడా అదే గుడ్డలో ఉన్నాయి. ఈ వస్తువు ఎవరికి చెందాలో చెప్పాలంటే అది ఏం చేసిందో చెప్పాలి. నేను చెప్పకపోతే చెప్పేవాడు ఇంకొకడున్నాడు గానీ, ఆయన చెప్పడు.

రాజురా అవతల వాగు పక్క ఊళ్లో దేవన్న ఉన్నాడు. రైతు. నాకంటే ఆరేళ్లు పెద్ద. పంపుసెట్టు షాఫ్టు బాగుచేయించుకోవడానికి మొదటిసారి నా దగ్గరికొచ్చాడు. తర్వాత ముప్పై ఏళ్లు ఆయన నాకు అన్న, నేను ఆయనకు తమ్మి. ఆయన తండ్రి నుంచి వచ్చిన త్రీ వన్ ఫైవ్ పెద్ద రైఫిల్, పంట కాపలా లైసెన్సుతో, ఆయన దగ్గరుండేది. అడవి పందులు వరి తొక్కేస్తే ఫారెస్టు ఆఫీసులో పర్మిట్ తీసుకుని కొట్టేవాడు. కొట్టిన పందిని గార్డుకు చూపించి పాతిపెట్టేవాడు. పద్ధతి తప్పేవాడు కాదు.

2013లో ఆయన కళ్లకు మసక వచ్చింది. రైఫిల్ గొట్టం చివర గురి చూసే గుబ్బ కనపడటం లేదన్నాడు. ఆపరేషన్ వేసవిలో చేస్తామన్నారు, పందులేమో కార్తీకంలో వస్తాయి. నా చిన్న రైఫిల్ మీద దుర్బిన్ ఉంది కదా, నీ దాని మీద బిగిస్తానన్నాను. ఆయన అడగలేదు. నేనే అన్నాను.

చిన్న తూటా రైఫిల్ తన్నదు. భుజం మీద చెయ్యేసినట్టు ఉంటుంది. పెద్దది గాడిద తన్నినట్టు తంతుంది. చిన్నదాని కోసం చేసిన దుర్బిన్ లోపల గాజులు, అడ్డగీతలు సన్నటి స్ప్రింగు మీద, కాస్త జిగురు మీద నిలబడి ఉంటాయి. అది తన్ను తినడానికి పుట్టిన వస్తువు కాదు. పైగా దానికి కన్ను దగ్గరగా పెట్టి చూడాలి. పెద్ద రైఫిల్ వెనక్కి తన్నిందంటే గొట్టం అంచు నేరుగా కనుబొమకు తగులుతుంది. రైఫిల్ క్లబ్బులో మాకు నేర్పిన మాస్టరు ఈ సంగతి ఎప్పుడో చెప్పాడు. ఆయన తుపాకులవాడు, నేను ఫిట్టర్ని. ఊడే బోల్టును ఊడకుండా బిగించడమే నా బతుకు. ఏదైనా కదులుతోందంటే బయటి పట్టు చాలలేదని నా లెక్క.

అందుకని గని లేతు మిషను మీద దొంగతనంగా ఉక్కు క్లాంపు చేశాను. పైపు క్లాంపు లాంటిదే. రైఫిల్‌కు ఒక్క రంధ్రం పెట్టకుండా నాలుగు అలెన్ స్క్రూలతో పట్టేస్తుంది. తుపాకీ పని చేయడానికి నాకు లైసెన్సు లేదు. ఆ సంగతి తెలుసు. బిగించాక చెక్క సుత్తితో కొట్టి చూశాను, డయల్ గేజి పెట్టి చూశాను. ముల్లు కదల్లేదు. యంత్రాన్ని అలాగే పరీక్షిస్తాం మేం. రైఫిల్‌ను పరీక్షించాలంటే కాల్చాలి. తూటాలు లైసెన్సు మీద లెక్కగా వస్తాయి, పందులకే చాలవు. గట్టు మీద కుండలు పెట్టి మూడంటే మూడు కాల్చాం. రెండు కుండలు పగిలాయి. మూడో తూటాకు గొట్టం అంచు దేవన్న కనుబొమను చీల్చింది. ఆయన భార్య సారక్క పసుపు అద్దింది, నన్ను తిట్టింది. నేను అంచుకు సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి, ఇక ఫరవాలేదన్నాను.

నవంబరు 14, గురువారం. దేవన్న రైఫిల్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ముందురోజు పందిని కొడితే ఎడమవైపు మూరెడు దూరంలో మట్టి లేచిందన్నాడు. దుర్బిన్ తీసెయ్యమన్నాడు, మసకైనా సరే గుబ్బతోనే కొట్టుకుంటానన్నాడు. నేను గేజి పెట్టి చూశాను. క్లాంపు వెంట్రుకవాసి కదల్లేదు. కదిలింది లోపల. లోపలికి నేను చూడలేదు, చూడటం నాకు రాదు కూడా. దుర్బిన్ మీది గురి సరిచేసే మరను కుడికి ఎనిమిది టిక్కులు తిప్పి సరిపోయిందన్నాను. ఒక్కటి కాల్చి చూద్దామన్నాడు. తూటా దండగెందుకన్నాను. ఆయన ఇంకా నసుగుతుంటే, నా పని మీద నమ్మకం లేదా అన్నాను. ఆ మాటతో ఆయన రైఫిల్ తీసుకుని వెళ్లిపోయాడు.

నవంబరు 16, శనివారం, తెల్లవారే వేళ. పందులను ఒక్కడే కొట్టలేడు. కొందరు మడి కింది నుంచి డబ్బాలు కొట్టుకుంటూ వాటిని లేపుకుంటూ వస్తారు. హాకా అంటాం. రైఫిల్ ఉన్నవాడు మంచె మీద ఉంటాడు. మంచెకు ఎదురుగా రెండు కర్రలు పాతి ఎర్ర గుడ్డలు కడతారు. కాల్చేవాడు ఆ రెండు గుడ్డల మధ్యనే కాల్చాలి. డబ్బావాళ్లు గుడ్డ దాటి లోపలికి రాకూడదు. దేవన్న తండ్రి నాటి కట్టుబాటు అది. నలభై ఏళ్లలో ఎవడికీ గీత పడలేదు.

ఆ రోజు డబ్బాలు కొట్టడానికి దేవన్న జీతగాళ్లు ఇద్దరు, నా అల్లుడు దేవరాజు వచ్చారు. దేవరాజు బల్లార్‌పూర్‌లో కరెంటు పని చేసేవాడు. జెస్లిన్‌తో పెళ్లయి మూడేళ్లు. వాళ్లకు పిల్లల్లేరు. అతనికి ఆ రోజు సెలవు. వేటంటే అతనికి ఇష్టం లేదు. మామ పనితనం చూద్దువుగాని రమ్మని నేనే పిలిచాను.

పంది ఎడమ గుడ్డకు లోపల పరుగెత్తింది. దేవరాజు అదే గుడ్డకు ఐదడుగులు బయట, గట్టు మీద, కట్టుబాటు ప్రకారం నిలబడాల్సిన చోటే నిలబడ్డాడు. నేను మంచె కిందే ఉన్నాను. దేవన్న పందికి గురిపెట్టి పందినే కాల్చాడు. పంది వెళ్లిపోయింది. దేవరాజు కూర్చున్నాడు. మొదట కూర్చున్నాడనే అనుకున్నాం.

తర్వాత నేను చేసినది ఇక్కడ రాస్తున్నాను. జీతగాళ్లు అటు పరుగెత్తారు. దేవన్న మంచె దిగి రైఫిల్ కింద పడేసి అటే పరుగెత్తాడు. నా జేబులో అలెన్ కీ ఉంది, ఎప్పుడూ ఉంటుంది. నేను రైఫిల్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నాలుగు స్క్రూలు విప్పాను. క్లాంపు, దుర్బిన్ చొక్కా లోపల దోపుకున్నాను. క్లాంపు పట్టిన చోట ఉక్కు మెరుస్తుంటే తడి మట్టి రుద్దాను.  స్క్రూ ఒక్కటి కూడా కింద పడలేదు. అప్పటికి దేవరాజుకు ఊపిరి ఉంది. మామ ఏడి అని అడిగాడట. డబ్బాల చప్పుడు ఆగి కేకలు విని పరుగెత్తుకొచ్చిన సారక్క తర్వాత చెప్పింది. అతన్ని ఎక్కించిన ట్రాక్టరు ట్రాలీ స్టార్టయ్యాక పరుగెత్తి ఎక్కాను. రాజురా చేరక ముందే పోయాడు.

ఆసుపత్రి వరండాలో దేవన్న నా పక్కన కూర్చున్నాడు. స్క్రూలు విప్పుతుంటే ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఆ సంగతి నాకు తెలుసు. పోలీసులు రాకముందు ఆయన అన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"దుర్బిన్ మాట ఎవ్వని కాడ తియ్యకు తమ్మి. జెస్లిన్ బిడ్డకు మొగడు పోయిండు. తండ్రిని గూడ జైలుకు తోల్తమా? నాదేముంది, ముసలోన్ని, నేను పోయొస్త."

నేను వద్దనలేదు. రిటైర్మెంటుకు ఐదు నెలలుంది. గని లేతు, లైసెన్సు లేని పని, పెన్షను, అన్నీ ఒక్కసారే తట్టాయి. అల్లుడి శవం లోపలుండగా నాకు తట్టినవి అవి.

పంచనామాలో మసక కళ్లతో, అజాగ్రత్తగా, గుడ్డ దాటి కాల్చాడని రాశారు. దేవన్న వేలిముద్ర వేశాడు. గురువారమే నేను దుర్బిన్ తీసేశానని సారక్కకు, జీతగాళ్లకు ఆయనే చెప్పాడు. మూడేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు. ఏడాది శిక్ష పడింది. రైఫిల్ జప్తు, లైసెన్సు రద్దు. కోర్టులో నేను సాక్షిని. ఉన్నది ఉన్నట్టు చెబుతానని ప్రమాణం చేసి, నేనేం చూడలేదన్నాను. జైలు నుంచి వచ్చాక ఆయన వరి వేయలేదు. కాపలా లేని మడి పందుల పాలే. ఊళ్లో వాళ్లు ఆయన్ని మనిషిని కొట్టినోడు అంటారు. సారక్కను మనిషిని కొట్టినోని పెండ్లాం అంటారు. నేను చెవులారా విన్నాను, సరిగ్గా వినపడే చెవితోనే.

మేరీ ప్రతి పూట ప్రార్థనలో దేవన్న పేరెత్తి శపించేది. నేను పక్కనే మోకాళ్ల మీద ఉండి ఆమేన్ అనేవాణ్ణి. ఎనిమిదేళ్లు అన్నాను. 2022 ఫిబ్రవరిలో మేరీ పోయింది. ఆమెకు చెప్పలేదు.

నాకు ఏడుపు రాలేదు. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు. అన్నం తింటాను, నిద్రపోతాను, టీవీలో వార్తలు చూస్తాను. నన్ను చూసి అల్లుడి దిగులుతో రాయైపోయాడని చర్చిలో వాళ్లు జాలిపడతారు. వాళ్ల జాలి కూడా నేను కాదనలేదు. నాకు సిగ్గుగా ఉంది. ఉందని రాస్తున్నానే గానీ, అది కూడా చెయ్యి తిమ్మిరెక్కాక గిల్లితే తెలిసినంతే తెలుస్తోంది.

కాబట్టి ఆ దుర్బిన్, క్లాంపు, నాలుగు స్క్రూలు, ఈ అంశం మరాఠీ తర్జుమాతో సహా, ఠాణాలోనూ కోర్టులోనూ దాఖలు చేయాలి. అల్లుడి చావుకు కారణం దేవన్న కన్ను కాదు, చెయ్యి కాదు. నా పని, నా మాట. ఆయన గుడ్డ దాటి కాల్చలేదు. చచ్చినవాణ్ణి శిక్షించలేరని నాకు తెలుసు, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నానని జెస్లిన్ అనుకుంటే అది నిజం.

ఆరు. షెడ్డు వెనక జాగాలో వానకు కప్పిన తాడిపత్రి కింద ఒక యంత్రం ఉంది. గాలికి రెక్కలు తిరిగితే సుత్తి లేచి రేకు డబ్బా మీద పడుతుంది. గాలి లేనప్పుడు తిరగడానికి వాగు నీళ్ల చక్రం కూడా పెట్టాను. దాని చప్పుడుకు పందులు దగ్గరికి రావు, మన ఊరి బయట పెట్టి చూశాను. 2017లో దేవన్న కోసం చేశాను. తీసుకెళ్లి ఇచ్చే మొఖం లేక అక్కడే ఉంచాను. ఏటా బేరింగులకు గ్రీజు పెడుతున్నాను. అది దేవన్నకు చెందాలి. నిలబెట్టేటప్పుడు రెక్కలు పడమటి గాలికి ఎదురుగా పెట్టాలి, కాళ్లు మూడడుగుల లోతు పాతాలి.

ఇదొక్కటే ఆయనకు నేనివ్వగలిగింది. ఇది చాలుతుందని నేను అనుకోవడం లేదు.

ఏడు. నన్ను మేరీ పక్కన కాకుండా, గోడవారగా ఖాళీ ఉన్న చోట మట్టి చేయాలి. మేరీ పక్కన జాగా జెస్లిన్‌కు ఉంచాలి. పాస్టరు గారు నా గురించి మంచి మాటలు చెప్పకూడదు. పాట ఒకటి పాడి పంపేయండి. భోజనాలు వద్దు, టీ చాలు.

ఎనిమిది. ఈ వీలునామాకు కార్యనిర్వాహకురాలు రాజక్క. తెలుగు చదవడం వచ్చినవాళ్లలో నేను నమ్మేది ఆమెనే. నా మరణానంతరం, మూడో రోజు ప్రార్థన అయ్యాక, రాజక్క దీన్ని మొదట జెస్లిన్‌కు ఇంట్లో తలుపు వేసి చదివి వినిపించాలి. తర్వాత దేవన్న ఊరికి వెళ్లి, ఆయన వాకిట్లో, ఊరివాళ్లను పిలిచి, ఐదో అంశం మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదవాలి. నేను బతికుండగా దీన్ని ఎవరికీ చదవకూడదు.

రాజక్కా, నీ మీద పెద్ద బరువు పెట్టాను. నీ గొంతు గట్టిది.

విసాపూర్, 2025 జూన్ 23, సోమవారం.

(సంతకం) పసుల ఇమ్మానుయేల్

సాక్షులు: గోనె రాజన్న, పక్కింటి కాపురస్తుడు. వైశాలి ఉరాడే, వకీలు.

అనుబంధం

పై వీలునామా రాసిన పసుల ఇమ్మానుయేల్ అనే నేనే, ఇప్పుడూ బుద్ధి సరిగ్గానే ఉండి, పై వీలునామాకు ఈ మార్పులు చేస్తున్నాను.

సెప్టెంబరు 9, మంగళవారం దేవన్న చనిపోయాడు. పొలం నుంచి వచ్చి నీళ్లు తాగి పడుకున్నాడట, లేవలేదు. రాజక్క ఫోను చేసి చెప్పింది. నేను మూడు నెలల కింద ఏర్పాటంతా నేనే ముందు పోతానని చేసుకున్నాను. నాకు డెబ్బై ఒకటి, ఆయనకు డెబ్బై ఏడు. ఆ లెక్క నాకు తట్టనే లేదు.

మూడో రోజు వెళ్లాను. సారక్క నాకు కుర్చీ వేయించింది, టీ ఇచ్చింది. అల్లుణ్ణి పోగొట్టుకున్నవాడు ఇంతకాలానికి మనసు కరిగి వచ్చాడని వాకిట్లో వాళ్లు అనుకున్నారు. ఒకాయన పైకే అన్నాడు, నాది పెద్ద మనసని. టీ తాగి గ్లాసు కింద పెట్టాను. గంటన్నర కూర్చుని లేచి వచ్చేశాను. 

ఆదివారం, సెప్టెంబరు 14, చర్చి నుంచి వచ్చాక జెస్లిన్ చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుంది. బీరువాలోంచి కాగితాలు తీసి ఆమె ఎదురుగా కూర్చుని నేనే చదివాను. ఒకటో అంశం దగ్గర నవ్వింది, ఇప్పుడెందుకు నాన్నా ఇవన్నీ అంది. ఐదో అంశం మధ్యలో చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. దేవరాజు ‘మామ ఏడి’ అన్న చోట నేను ఆగాను. చదువు అంది. చివరిదాకా విన్నది. ఏడవలేదు, అరవలేదు. తర్వాత ఇలా అంది.

"అమ్మను మట్టి చేసిన నాడు దేవన్న పెదనాన్న పూల దండ పట్టుకొని మన గేటు కాడికి వచ్చిండు నాన్నా. నేను మొఖం మీదనే గేటు వేసి గొళ్లెం పెట్టిన. మా ఇంట్ల రెండో పీనుగను గూడ చూసి పోదామని వచ్చినవా అని అడిగిన.  నువ్వు వరండాల కుర్చీల కూసోని చూస్తున్నవ్."

 ఆమె లేచి చిక్కుడుకాయలు వండింది, నాకు వడ్డించింది, తను తినలేదు. సోమవారం పొద్దున తను పనిచేసే బడికి సెలవు చీటీ పంపి, రాజురా బస్సెక్కి సారక్క దగ్గరికి వెళ్లింది. నాతో చెప్పలేదు. గిన్నెలు తోమి వెళ్లింది.

నిన్న గురువారం రాజక్క చేత కబురు పంపింది. సారక్క దగ్గరే ఉన్నానని, ఇంట్లో పని చేసి పెడుతున్నానని, సారక్కకు ఇంకా ఏమీ చెప్పలేదని. అది నాన్న నోటితోనే రావాలంది. రేపు శనివారం దేవన్న పన్నెండో దినం. ఊరంతా ఆ వాకిట్లోనే ఉంటుంది.

కాబట్టి కింది మార్పులు.

ఎనిమిదో అంశంలో నా మరణానంతరం చదవాలన్నది రద్దు. నేను బతికుండగా చదవకూడదన్నదీ రద్దు. రాజక్కకు ఆ బరువు లేదు. రేపు తొమ్మిది గంటల బస్సుకు నేనే వెళ్తున్నాను, నేనే చదువుతాను. దుర్బిన్, క్లాంపు, స్క్రూలు సంచిలో పెట్టుకున్నాను. అక్కడి నుంచి రాజురా ఠాణాకు వెళ్తాను. వైశాలి గారు ఒంటి గంటకు అక్కడికి వస్తానన్నారు. ఏ సెక్షను పడుతుందో ఆమె చెప్పబోయారు, అవసరం లేదన్నాను.

ఆరో అంశంలో దేవన్న పేరు ఉన్న చోట సారక్క అని చదువుకోవాలి. ఆమె వద్దంటే తుక్కు కింద అమ్మేయండి.

ఒకటో అంశంలో మార్పు లేదు. జెస్లిన్ తిరిగి రాకపోయినా, నా మొఖం చూడకపోయినా, ఇల్లు ఆమెదే.

ఐదో అంశంలో అన్నీ ఒప్పుకున్నాననుకున్నాను. ఒకటి వదిలేశాను. మరిచిపోయి కాదు. దాని చివర ఈ వాక్యాలు చేర్చాలి, రేపు ఇవి కూడా చదువుతాను:

మేరీని మట్టి చేసిన రోజు దేవన్న మా గేటు దాకా వచ్చాడు. నా కూతురు ఆయన్ని తరిమేసింది. ఆయన గేటు మీదుగా ఒక్కసారి నా వైపు చూశాడు, నేను లేస్తానేమోనని. నేను లేవలేదు.

విసాపూర్, 2025 సెప్టెంబరు 19, శుక్రవారం.

(సంతకం) పసుల ఇమ్మానుయేల్

సాక్షులు: గోనె రాజన్న, పక్కింటి కాపురస్తుడు. కమలాక్షి, రాజన్న భార్య.